ఖాయంగా చెప్పని మనిషి

"లేవొచ్చు. లేవకపోనూ వచ్చు" అన్నాడు సుబ్బయ్య.

మునెమ్మకు ఒళ్ళు మండిపోయింది.

దొరసాని డాక్టరు మంచం దగ్గర నిలబడి ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడి వెళ్ళిపోయింది. ఆ ముక్కల్ని తెలుగు చేసి చెప్పడం ఈ ముసలాయన పని. తలకు తువ్వాలు, మోకాళ్ళ దాకా పంచె, చెప్పుల్లేని కాళ్ళు. పుంగనూరు రోడ్డులోని ఆ చిన్న మిషన్ ఆసుపత్రికి ఇంతకంటే మంచి మనిషి దొరకలేదు కాబోలు.

మంచం మీద ఉన్నది ఆమె మొగుడు ఎల్లప్ప. చింతకాయలు దులుపుతూ కొమ్మ విరిగి కింద పడ్డాడు. పడినప్పటి నుంచి కళ్ళు తెరవలేదు.

"అది కాదప్పా, లేస్తాడా లేవడా? ఏదో ఒక మాట చెప్పు."

"దొరసాని 'మే' అనిందమ్మా. జరగొచ్చు అని. ఖాయంగా జరిగేదైతే 'విల్' అంటాది. ఆ మాట ఆమె అనలేదు. అనని మాట నేనెట్ల చెప్పేది?"

"నీ ఇంగిలీసు ఎవురికి కావాలప్పా! నాకు కావాల్సింది నా మొగుడు."

మునెమ్మ గొడవ మునెమ్మది. పెద్దపంజాణి పక్కన పల్లె. ఇంట్లో తట్టల నిండా పట్టుపురుగులు. ఏడాది తిండి వాటి మీదే. పండిన పురుగు ఎవరి కోసమూ ఆగదు. పండిన పూటే ఏరి, గూళ్ళు అల్లుకునే వెదురు చట్రాలు, చంద్రికల మీదికి ఎక్కించాలి. లేదంటే ఆ తట్టల్లోనే గూడు అల్లుకుని పాడైపోతుంది. ఇంట్లో ఉన్నదేమో చూపు ఆనని అత్త ఒక్కతే.

మర్నాడు పొద్దున బస్సులో పొరుగింటి మునెప్ప కబురు తెచ్చాడు.

"పురుగులు పండి పసుపు తిరిగినాయి మునెమ్మా. ఈ మాపటికి ఎత్తకపోతే అంతే."

అప్పుడే దొరసాని వచ్చింది. ఎల్లప్ప కంటిరెప్ప ఎత్తి చూసింది. ఏదో చెప్పి వెళ్ళింది.

సుబ్బయ్య మంచం పక్కకు జరిగాడు. తలకున్న తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు.

"నిన్న 'మే' అనింది. ఈ పొద్దు 'మైట్' అంటాంది. ఆశ ఇంకొంచెం తగ్గినట్లమ్మా. కండ్లు తెరిసినా తెరవొచ్చు, పానం పోయినా పోవొచ్చు. నువ్వు మాత్రం యాడికీ పోవద్దు. తెరిస్తే ముందు నిన్నే ఎతుకుతాడు."

"నీ నోరు పడిపోనూ! ఆ నోట్లో ఒక్క మంచి మాటన్నా రాదా?"

సుబ్బయ్య ఎల్లప్ప మీది దుప్పటి సర్దాడు.

ఏ ఆసుపత్రిలోనైనా తీపి మాటలకు కరువుండదు. వార్డు ఊడ్చే చిన్నస్వామి చీపురు గోడకు ఆనించి దగ్గరికొచ్చాడు.

"యాల ఏడుస్తావమ్మా? దొరసాని చెప్పింది నేనూ విన్నా కదా! మీ ఆయనకేమీ కాదు. లేచి కూసుంటాడు. ధైర్యంగా పోయి పురుగులు సూసుకో."

చిన్నస్వామికి వచ్చిన ఇంగ్లీషల్లా 'గుడ్ మార్నింగ్' ఒక్కటే. ఆ సంగతి మునెమ్మకు తెలీదు. తెలిసినా ఆ పూట అతన్నే నమ్మేది.

బస్సు దాకా సుబ్బయ్య వెంటపడ్డాడు.

"పోవద్దు తల్లీ. ఊరి పేరు చెప్పు, నేను పోయి ఏరుతా. నాకు చేతనైన పనే."

"ఊరూ పేరూ తెలీనోడికి ఇల్లు అప్పజెప్పాలా? పోప్పా!"

బస్సు కదిలింది.

దీపాలు పెట్టే వేళకు చంద్రికలన్నీ నిండాయి. ఒక్క పురుగు కూడా పాడవలేదు. ఏరినంతసేపూ చిన్నస్వామి మాటే చెవుల్లో మోగుతుంటే మునెమ్మకు అలుపు తెలియలేదు.

తెల్లవారి మొదటి బస్సుకే వచ్చేసింది.

మంచం ఖాళీగా ఉంది.

కుప్పం నుంచి వచ్చి అక్కడ పనిచేస్తున్న నర్సమ్మ ఆమెను పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టింది.

"నిన్న సాయంత్రం కండ్లు తెరిసినాడమ్మా. మునెమ్మ యాడ అని అడిగినాడు."

మునెమ్మ బెంచీ మీంచి లేవబోయింది.

"సుబ్బయ్య ఆయన చెయ్యి ఇడవనే లేదు. 'వస్తాంది నాయనా, బస్సు దిగింది, ఇదో గేటు కాడికి వచ్చేసింది' అని చెప్తానే ఉన్నాడు. ఆ మాట ఇనుకుంటా ఇనుకుంటానే పోయినాడు."

మునెమ్మ గుండె బద్దలైంది. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లింది. తేరుకున్నాక మొదట గుర్తొచ్చింది ఆ ముసలాయనే. ఖాయంగా ఒక్క మాటా చెప్పని మనిషి. చెప్పిన ఆ ఒక్క ఖాయం మాటా తను దగ్గర లేని లోటు కప్పడానికి ఆడిన అబద్ధం.

"ఆయన యాడుండాడమ్మా? కాళ్ళు పట్టుకోవాల."

"మీ ఆయన్ని ఊరికి తీసకపోను బండి మాట్లాడేదానికి పోయినాడు. వస్తాడులే."

"ఎంత మంచి మనిషిని పనిలో పెట్టుకున్నారమ్మా మీరు! నాకే కండ్లు లేకపోయె."

నర్సమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఆయన మా మనిషి కాదు. సదుం పక్క రైతు. ఆయన పెండ్లాం ఈ వార్డులోనే ఉన్నింది. తప్పకుండా బతుకుతాదని ఎవురో చెప్తే నమ్మి, చేలో చెనిక్కాయ పంట పెరికేదానికి ఊరికి పోయినాడు. తిరిగొచ్చేసరికి మంచం ఖాళీ. అప్పట్నుంచి మా వెనకాల తిరిగి తిరిగి ఆ ఇంగ్లీషు నేర్సుకున్నాడు."