తొమ్మిదో గట్టు, రెండో భాగం

"చెప్పులు బయటే విప్పండి" అంది అమూల్య.

వచ్చినాయన అప్పటికే విప్పేశాడు. యాభై ఏళ్ళుంటాయి. షిప్‌యార్డు వాళ్ళ నీలం చొక్కా, తడి దువ్వెన గీతలు కనబడే జుట్టు.

జురాంగ్ ఈస్ట్‌లో ఆమె ఫ్లాటే ఆదివారాలు తెలుగు లైబ్రరీ. లైబ్రరీ అంటే ఎంత, ఒక బీరువా! ఇండియా వెళ్ళొచ్చిన ప్రతి సాఫ్ట్‌వేర్ మనిషీ సూట్‌కేసులో ఆవకాయ పక్కన రెండు నవలలు ఇరికించుకొచ్చి అందులో పడేసేవాడు.

చదివినవాళ్ళు వెనక అట్టకి అంటించిన కాగితం మీద, అది ఎందుకు చదవాలో నాలుగు ముక్కలు రాయాలి. పేరు మాత్రం రాయకూడదు. పేర్లు రాసిన రోజుల్లో, 'నాకు నచ్చిన నవలని చెత్తంటావా' అని ఓ మొగుడూ పెళ్ళామే వారం రోజులు మాట్లాడుకోలేదు మరి!

ముగింపు ఎవరికీ చెప్పకూడదు. ఇది రెండో రూలు.

ఆ కాగితాల మీద ఓ గుండ్రటి చేతిరాత ఉండేది.

'ఈ కథలో అత్త చెడ్డది కాదు. ఆకలి మీదుంది. అలా అనుకుని చదవండి.'

'మధ్యలో వాన పడేదాకా ఓపిక పట్టండి.'

'ఇది ఒక్కరే చదవొద్దు. పక్కన ఓ మనిషిని కూర్చోబెట్టుకోండి.'

రెండేళ్ళుగా అమూల్య ఆ చేతిరాత చదవమన్నవే చదివింది. ఇంత ఊళ్ళో ఆమె మనసు తెలిసినది ఆ రాత ఒక్కటే.

రాసేదెవరో మాత్రం తెలీదు. ఒకరు తీసుకెళ్ళిన పుస్తకం నలుగురి చేతులు మారి వచ్చేది. ఏ యూనివర్సిటీలోనో పనిచేసే పెద్దాయన అయ్యుంటారని తనే ఖాయం చేసుకుంది.

ఇప్పుడిక టైం లేదు. డాట్‌కామ్ కంపెనీలు టపటపా మూతపడుతున్నాయి. ఆమె కంపెనీ కూడా చేతులెత్తేసింది. నెలాఖరుకి ఇక్కడ ఉద్యోగం చేసుకునే పాస్ గడువు అయిపోతుంది. వెళ్ళేలోపు ఆ మనిషిని ఒక్కసారి చూడాలి. అదొక్కటే కోరిక.

దారి కూడా దొరికింది. మొన్ననే తిరిగొచ్చిన 'తొమ్మిదో గట్టు' మొదటి భాగం వెనక అదే రాత.

'సూరమ్మ వెంట నేనూ నడిచాను. రెండో భాగం ఎవరి దగ్గరున్నా ఇప్పించండి.'

రెండో భాగం తీసి సొరుగులో దాచింది. దానికోసం ఆయనే రావాలి కదా!

"ఏం కావాలండీ?" అని అడిగింది నీలం చొక్కా ఆయన్ని.

"తొమ్మిదో గట్టు రెండో బుక్కమ్మా."

అమూల్య చెయ్యి సొరుగు మీదికి వెళ్ళింది.

"మొదటి భాగం చదివింది మీరేనా?"

ఆయన సిగ్గుపడ్డాడు. "నాకు సదవడం రాదమ్మా. పేరు ఏడుకొండలు. యార్డులో పెయింటింగ్ పని."

ఆమె ఆశంతా నీరుగారిపోయింది.

"మరి పుస్తకం ఎవరికండీ?"

"నాకేనమ్మా. పర్మిట్ అయిపోనాది. బుదారం ఫ్లైటు. మంగలారానికల్లా తిరిగిచ్చేత్తాను."

చదవడం రాదు. మూడు రోజుల్లో దేశమే వదిలి వెళ్ళిపోతాడు. ఇంక పుస్తకం తిరిగొచ్చినట్టే!

"అది వేరే ఒకరికోసం ఉంచానండీ. చాలా గొప్ప పాఠకులు."

"అలాగా. అయితే ఆరికే ఇయ్యండమ్మా. బాగా సదివేవోల చేతిలోనే ఉండాల."

వెళ్ళబోయి గుమ్మంలో ఆగాడు.

"పోనీ, ఒక్క మాట సెప్పండమ్మా. సూరమ్మకి ఆ పిల్ల దొరికిందా?"

అమూల్య నవ్వింది. "ముగింపు చెప్పకూడదండీ. మా రూలు."

"నిజమేలెండి. సెప్పీత్తే ఇంకేటుంటాది?"

ఆయనా నవ్వి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. నవల పేరు కూడబలుక్కుని చదవలేని మనిషికి సూరమ్మ సంగతి ఎలా తెలుసో అడగాలని ఆమెకి తట్టనే లేదు.

గొప్ప పాఠకులు సోమవారం రాలేదు. గురువారం రాలేదు. శనివారం కూడా రాలేదు.

మళ్ళీ ఆదివారం ఓ ముప్పై ఏళ్ళాయన వచ్చాడు. చేతిలో ఇంకో నవల, దానికి న్యూస్‌పేపరు అట్ట.

"బాలునండీ, షిప్‌యార్డులో వెల్డర్ని. ఇది మా రూములో ఉండిపోనాది మేడం. పుస్తకాల్ని కన్నపిల్లల్లాగ సూసుకునే అమ్మకి ఆలీసం సెయ్యకుండా ఇచ్చీమన్నారు."

"ఎవరు?" అనలేదామె. రిజిస్టరు ముందుకి తోసింది. "పుస్తకం పేరు, మీ పేరు, తేదీ రాయండి."

రాశాడు.

గుండ్రటి అక్షరాలు.

అమూల్య చటుక్కున లేచింది. కుర్చీ వెనక్కి పడింది.

"మీరా! రెండేళ్ళుగా మీకోసమే వెతుకుతున్నానండీ! ఆ అత్త ఆకలి మీదుందని రాసింది మీరే కదూ?"

సొరుగు లాగి, రెండో భాగం తీసి రెండు చేతులతో అందించింది. కళ్ళు తడిశాయి.

"మీకోసమే దాచాను. ఎవరడిగినా ఇవ్వలేదు."

బాలు చెయ్యి చాపలేదు.

"ఇప్పుడెందుకు మేడం?"

"అదేంటండీ! మీరే కదా ఇప్పించమని రాశారు?"

"ఎవలికి సదవను? ఇనేవోడు బుదారమే ఎల్లిపోనాడు."

ఆమెకి అర్థం కాలేదు. లోపల ఏదో భయం మాత్రం మొదలైంది.

"పోస్టులో పంపిస్తాను. అడ్రసు చెప్పండి."

"పంపితే ఎవలు సదువుతారు మేడం? ఆ ఇంట్లో సదువొచ్చినోలు ఒక్కలూ లేరు."

"ఎవరి ఇంట్లో?"

బాలు ఆమె చేతిలోని పుస్తకం వైపే చూస్తూ చెప్పాడు.

"రాత ఒక్కటే నాది మేడం, నేను పైకి సదువుతుంటే కళ్ళు మూసుకుని ఇని, ఆ మాటలన్నీ సెప్పి రాయించినోడు మా ఏడుకొండలు మామ, పోయిన ఆదివారం మీరు ఒట్టి సేతుల్తో పంపీసినాయన."