చెత్తబండి వేళ

తైవాన్‌లోని తైనాన్ నగరంలో మా సందులోకి చెత్తబండి పాట పాడుకుంటూ వచ్చింది. అందరితోపాటు కున్‌షెంగ్ కూడా ఉబ్బిన సంచీతో దిగాడు. నూడుల్స్ కొట్టుకు సైతం ఇంట్లోని గిన్నె పట్టుకెళ్ళే ఒంటికాయ శొంఠికొమ్ము మనిషాయన.

"అబ్బో, ఎంత చెత్త! తగ్గించండి, తగ్గించండి అంటూ రోజూ మాకు పాఠాలు చెప్పేది మీరేనా?" ఎదురింట్లో ఒక్కతే ఉండే యూలాన్, తన సంచీ ఊపుతూ దెప్పింది.

ఆయన నోరు తెరిచేలోగా గాలి విసురుగా వీచింది. సంచీ చేజారి, గాలిపటంలా కరెంటు తీగల మీదికెగిరింది. అందులో ఏమీ లేదు. సందంతా ఘొల్లున నవ్వింది.

"పారేసేదేమీ లేనప్పుడు రోజూ ఎందుకండీ రావడం?" అంది యూలాన్.

కున్‌షెంగ్ చెవులు ఎర్రబడ్డాయి. ఇంతలో బండి కదిలిపోయింది. చూస్తే, యూలాన్ సంచీ ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"అయ్యయ్యో, నా గొడవలో పడి మీరు వెయ్యడం మరిచారు! ఇలా ఇవ్వండి, వేసొస్తాను." సంచీ లాక్కుని బండి వెనక పరుగందుకున్నాడు.

"ఆగండి, ఆగండి!" యూలాన్ చెప్పులు వదిలేసి వెంటపడింది. "మీ పాఠాలు విన్నాక మా ఇంట్లో మాత్రం చెత్తెక్కడిదండీ? అది నా తలదిండు!"