నీళ్ళు రాని కుళాయి

“ఈ పదిహేడో నంబరు ఆవిడ ఎవరు?”

సోషియాలజీ ప్రొఫెసర్ ఎర్ర పెన్నుతో గీత గీసిన పేజీ తెరిచి, థీసిస్‌ను రీసెర్చి అమ్మాయి ముందుకు తోశాడు.

“గృహిణి సార్. పేరు బయటపెట్టనని మాటిచ్చి ఇంటర్వ్యూ తీసుకున్నాను.”

“అసలుంటే కదా బయటపెట్టడానికి! చదువు.”

అమ్మాయి మెల్లగా చదివింది. “‘ఫర్నిచర్ షాపులో అమర్చి పెట్టిన వంటగదిలో కుళాయి ఉంటుంది. తిప్పితే నీళ్ళు రావు. మా కాపురం ఆ కుళాయే. మా పెళ్ళిరోజు ఫొటోను మూడొందల మంది మెచ్చుకున్నారు. అది తీశాక మేం వారం రోజులు మాట్లాడుకోలేదు. గొడవేం కాదు. మాట్లాడ్డానికేమీ లేదు.’”

“చాలు. ఆ కుళాయి నాది.”

“సార్?”

“నేను రాస్తున్న పుస్తకంలోది. నేటి సమాజమంతా నీళ్ళు రాని కుళాయే, అంతా నకలే, అసలు లేదు అని రాశాను. ఆ నోటుబుక్కు ఎవరికీ చూపించలేదు. క్లాసులో కూడా చెప్పలేదు. మరి ఎవరో గృహిణి నోట్లోకి ఎలా వచ్చింది?”

అమ్మాయి మొహం పాలిపోయింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదే అనుకున్నాడు ప్రొఫెసర్.

ఇరవై ఏళ్ళుగా ఆయన చెబుతున్న పాఠం ఒకటే. ఈ కాలంలో మనిషికి మొహం లేదు, ఉన్నవన్నీ ముసుగులే. సత్యం ఒకటి కాదు, ఎవరి కథ వాళ్ళది. పాఠంలో అంతేగానీ, తన నోటుబుక్కు దగ్గరికొచ్చేసరికి అసలు ఎవరిదో నకలు ఎవరిదో ఖచ్చితంగా తేలాల్సిందే. తేలకపోతే ఎలా? పొద్దున్నే లేచి, ఇంట్లో అటూ ఇటూ పచార్లు చేస్తూ, ప్రతి వాక్యాన్నీ పదిసార్లు పైకి అని చూసుకున్నాకే కాగితం మీద పెట్టే మనిషాయె.

“గళ్ళచొక్కా ఇచ్చాడా?” అన్నాడు. పక్కగది లెక్చరర్‌కి ఆయన పెట్టుకున్న పేరది. నోటుబుక్కు ఉండే సొరుగుకీ ఆ మనిషికీ మధ్య ఒక్క చెక్క తలుపే అడ్డం.

“అయ్యో, ఆయనకేం సంబంధం సార్!”

“ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పడతాను. అలా మాట్లాడే గృహిణి ఈ లోకంలో లేదు. నువ్వు కల్పించావు. రేపు కమిటీలో నీ థీసిస్ రద్దు చేయిస్తున్నాను.”

“నాలుగేళ్ళ కష్టం సార్...”

“ఆవిడ నిజమైతే నంబరివ్వు. నేనే మాట్లాడతాను.”

అమ్మాయి వరండాలోకి వెళ్ళి చాలాసేపు ఎవరితోనో ఫోన్లో మాట్లాడింది. తిరిగొచ్చేసరికి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

“ఇవ్వమన్నారు సార్. ఆరు దాటాక చేయాలట.” చీటీ మీద నంబరు రాసింది గానీ వెంటనే చేతికివ్వలేదు. “ఎవరూ పోల్చుకోరని ఆవిడే ధైర్యం చెప్పి రాయించారు. మీరు చేయకపోతేనే మంచిదేమో సార్.”

“భయమేస్తోందా?”

“వేస్తోంది సార్. నా గురించి కాదు.”

గళ్ళచొక్కా గురించే అయ్యుంటుందని ప్రొఫెసర్ చీటీ లాక్కున్నాడు.

ఆరుంబావుకి ఇల్లు చేరాడు. భార్య తలుపు తీసింది.

“టీ పెట్టనా?”

“ఊఁ. ఇవాళ ఒక దొంగను పట్టబోతున్నా.”

“పట్టండి,” అని ఆమె లోపలికి వెళ్ళింది.

హాల్లో ల్యాండ్‌లైన్ పక్కన కూర్చున్నాడు. అవతల ఉన్నది గళ్ళచొక్కా అయితే, మొబైల్ నుంచి చేస్తే తన నంబరు గుర్తుపట్టి జాగ్రత్తపడతాడు. చీటీ విప్పాడు. ఆ పది అంకెలు ఎక్కడా చూసినట్టు లేదు. మొబైల్లో అందరివీ పేర్లే తప్ప అంకెలెవరు చూస్తారు? మోగకపోతే నంబరు దొంగది. మోగినా, ఎత్తినవాళ్ళ గొంతు తడబడితే మనిషి దొంగ. ఎటు తిరిగినా రేపటితో ఆ పిల్ల పని సరి. ఆ ఊహకి కొంచెం జాలేసింది కూడా. జాలిపడితే పుస్తకం పోతుంది.

అలవాటు ప్రకారం మొదటి ప్రశ్న పైకి అని చూసుకున్నాడు.

“ఏమ్మా, మీ ఆయన మీతో నిజంగానే మాట్లాడడా?”

గొంతు సరిపోయింది. కాస్త కటువుగా ఉండాలి, అంతే. మళ్ళీ అన్నాడు. టీ ఇంకా రాలేదు. రానీలే అనుకుని, ముందు సున్నా, తర్వాత ఒక్కో అంకె చూసుకుంటూ జాగ్రత్తగా పదీ నొక్కి, రిసీవర్ చెవికి ఆనించుకున్నాడు.

వంటింట్లో ఫోన్ మోగింది.