జాజికాయల చప్పుడు

ఫోను చెవికి ఆనించుకుని జయశ్రీ కళ్లు మూసుకుంది.

గలగలమని జాజికాయల చప్పుడు. పెంకు లోపల గింజ బాగా ఎండితేనే అలా మోగుతుంది. గ్రెనడా దీవిలో రైతు గిడియన్ గుప్పెడు కాయలు ఫోను దగ్గర ఆడించి ఆ చప్పుడు పంపుతాడు. ఇక్కడ ఐర్లండ్‌లోని మెయ్‌నూత్‌లో ఆమె భర్త అనంతరామ్ అది విని, బాగుందన్నట్టు ‘గ్రాండ్’ అని ఒక్క మాట రాస్తాడు. ఆ వారమే బస్తాలు ఓడెక్కుతాయి. పదకొండేళ్లుగా ఇద్దరి మధ్యా బేరం ఇంతే.

జయశ్రీ ‘గ్రాండ్’ అని రాసింది.

“మళ్లీ డాడీ పేరుతోనా?” వెనక నుంచి కూతురు నీలిమ అంది. తండ్రి సంవత్సరీకం కోసం డబ్లిన్‌లో శాండీఫోర్డ్ ఆఫీసుకి సెలవు పెట్టి వచ్చింది. “మామ్, హీ ఈజ్ డెడ్.”

“మెల్లగా అనవే.”

“ఎవరు వింటారు?”

ఆ చప్పుడు వచ్చిన రోజంతా ఆయన ఇంట్లో తిరుగుతున్నట్టే ఉంటుంది జయశ్రీకి. గరాజ్‌లో బస్తా మూతి విప్పుతున్నట్టు, వంటింట్లో అల్మరా తలుపు తీసి కప్పు వెతుక్కుంటున్నట్టు. క్రితంసారి తెలియకుండానే రెండు కప్పుల టీ పెట్టింది. చల్లారిపోయాక కూడా రెండోది పారబొయ్యడానికి చెయ్యి రాలేదు.

“తను చెయ్యి కలిపిన మనిషికి తప్ప సరుకివ్వనని గిడియన్ మొదట్లోనే అన్నాడట. మీ డాడీ లేరని తెలిస్తే ఆపేస్తాడు.”

“ఆపనీ. ఈ బిజినెస్ మానెయ్యమని డాడీతో పోట్లాడిందే నువ్వు!”

నిజమే. గుండెకి స్టెంటు వేసిన రోజు ఆసుపత్రి మంచం పక్కనే ఒట్టు వేయించుకుంది. గిడియన్ ఉన్నన్నాళ్లే ఈ వ్యాపారం, ఆ తర్వాత ఇంకెవరితోనూ పెట్టుకోకూడదని. “వాడు నాకంటే గట్టివాడు జయా, వందేళ్లుంటాడు,” అని నవ్వారాయన. మరుసటి ఏడు పంట చూసొస్తానని గ్రెనడా వెళ్లారు. వచ్చాక వారం రోజులు సరిగా తినలేదు. ప్రయాణం బడలిక అన్నారు.

“అందరికీ ఆయన పోయారే. ఆ గిడియన్ ఒక్కడి దగ్గరే ఇంకా బతికున్నారు.” అంది జయశ్రీ.

నీలిమ తల్లి పక్కన చేరింది. “హీ వాజ్ హిజ్ ఫ్రెండ్, అమ్మా. పాపం, గిడియన్‌ని కూడా ఏడవనివ్వాలి కదా.”

ఆ మాట తగిలింది. ఏడాదిగా ఎన్ని రాసిందో! ‘గిడియన్, మోకాలి నొప్పి తగ్గిందా?’ ‘గిడియన్, వానలు పడ్డాయా?’ ఆయనైతే ఇలాగే అడుగుతారనుకుని. మోకాలి సంగతికి నాలుగు రోజుల తర్వాత జవాబొచ్చింది. ‘ఇప్పుడు ఏ నొప్పీ లేదు, మిత్రమా.’

జయశ్రీ ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పేసింది.

“గిడియన్, నేను అనంతరామ్ భార్యని. ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఇన్నాళ్లూ రాసింది నేనే. క్షమించండి. సరుకు ఆపేసినా మిమ్మల్ని తప్పు పట్టను.”

పంపేసి, కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. కిటికీ మీద వాన జల్లు కొడుతోంది. ఇన్నాళ్లూ మెసేజ్‌లే తప్ప ఎప్పుడూ మోగని గిడియన్ నంబరు నుంచి ఫోను మోగింది.

“నేను ప్రెయిస్‌ని, గిడియన్ భార్యని.” వయసు మళ్లిన గొంతు, నెమ్మదిగా. “సరుకు ఆగదమ్మా. మీ ఆయన లేరని నాకెప్పుడో తెలుసు.”

“ఎప్పుడు?”

“మీరు మోకాలి నొప్పి గురించి అడిగిన రోజే.”

“అందులో ఏముంది? ఆయన అడగరా?”

“గిడియన్ శవపేటికకి మీ ఆయన భుజం పట్టారమ్మా.”