ఒకటే ఖాళీ

“ఒక్క వెంటిలేటరే ఖాళీ ఉండాది మేడం. ఏ బిడ్డను పంపిస్తాండారో చెప్పండి. ఎక్కువసేపు ఆపి పెట్టలేం.”

చిక్కబళ్ళాపురంలోని పెద్దాసుపత్రి నుంచి వచ్చిన ఫోను అది. శశికళ ఫోను చెవి నుంచి దించి, డాక్టరు కోసం లోపలి తలుపు వైపు చూసింది.

చింతామణిలో ఒక చిన్న కాన్పుల ఆసుపత్రిలో ఆమె ఉద్యోగం. చుట్టుపక్కల ఊళ్ళలో ప్రమాదం ఉన్న గర్భిణులను కనిపెట్టుకుని ఉండాలి. అవసరం పడితే పెద్దాసుపత్రిలో చోటు వెతకాలి, అంబులెన్సు పిలవాలి. ఆ ఉదయం అక్కడ ఇద్దరు బిడ్డలు పుట్టారు. ఇద్దరికీ పుట్టీపుట్టగానే ప్రాణం మీదికి వచ్చింది.

ఒకడు సాదలి ఊరి శృతి కొడుకు. శృతికి నెలలు నిండకముందే బీపీ పెరిగి ఫిట్స్ వచ్చాయి. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. అరచేతిలో ఇమిడేంత బిడ్డ. రెండోది బాగేపల్లి వైపు నుంచి వచ్చిన కూలీ నాగేశ్ కూతురు. బరువుగానే పుట్టింది కానీ ఏడవలేదు. ఆ వారమే పనిలో చేరిన నర్సు మేఘ, రబ్బరు సంచి నొక్కుతూ ఆ పాపకు ఊపిరి అందిస్తోంది.

డాక్టర్ దర్శన్ ఇద్దరినీ చూసి బయటికి వచ్చాడు.

“శృతి బిడ్డ కష్టంగానైనా సొంతంగా ఊపిరి తీస్తాండాడు. ఆ పాప అసలు తీయడం లేదు. ముందు పాప పోవల్ల.” శశికళ ముఖంలోకి చూసి ఆగాడు. “శృతి వాళ్ళకు నేను చెప్పేదా?”

“వద్దు సార్. నేనే చెప్తాను. నా పనే కదా.”

ఫోను చెవికి ఆనించుకుని, “బాగేపల్లి పాప,” అంది.

వరండాలో శృతి తల్లి పుట్టమ్మ నిలబడి ఉంది. పట్టుపురుగులకు మేత వేస్తున్నది వేస్తున్నట్టే వదిలేసి వచ్చిన మనిషి. చీర కుచ్చిళ్ళలో మల్బరీ ఆకు ముక్కలు ఇంకా అట్లాగే ఉన్నాయి. తండ్రి పిళ్ళప్ప గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు.

“అమ్మా, ఇప్పుడు వచ్చే బండిలో ఆ పాప పోతాది. మన బిడ్డకు ఇంకోచోట చూస్తాండాను.”

పుట్టమ్మ గేటు వైపు చూసి, మళ్ళీ శశికళ వైపు తిరిగింది.

“బండి వచ్చేది మన బిడ్డకు కాదా?”

“ఆ పాపకు ఊపిరి ఆడడం లేదమ్మా.”

“ఈడ అందరూ నీ మాట వింటారంట కదా. ఒక్క మాట చెప్పమ్మా. ఆపరేషన్ అయినాక మా చిన్నది ఇంకా కండ్లు కూడా తెరవలేదు.”

చెప్తూ చెప్తూనే వంగి కాళ్ళు పట్టుకోబోయింది. శశికళ అదిరిపడి వెనక్కి జరిగింది. ఆమె రెండు చేతులూ గట్టిగా పట్టుకుని లేపి, బెంచీ మీద కూర్చోబెట్టింది. పిళ్ళప్ప తల ఎత్తలేదు. శశికళ వైపు చూడనూ లేదు.

అంబులెన్సు వచ్చింది, పాపను ఎక్కించుకుని వెళ్ళింది. ఎక్కేముందు నాగేశ్ అందరికీ దండాలు పెట్టాడు. పుట్టమ్మకు కూడా పెట్టాడు.

శశికళ ఫోను పట్టుకుని కూర్చుంది. కోలారులో ఖాళీ లేదన్నారు. బెంగళూరులో ఒకచోట రేపు చూద్దామన్నారు. ఇంకోచోట ఫోను మోగి మోగి ఆగిపోయింది. పరిచయం ఉన్న ఒక పెద్ద డాక్టరును బతిమాలింది.

“నేనెప్పుడూ ఇట్ల అడగలేదు సార్. ఈ ఒక్కసారి.”

“ఉంటే ఇయ్యనా తల్లీ?” అన్నాడాయన.

ఒక ఫోనుకూ ఇంకో ఫోనుకూ మధ్య లేచి వెళ్ళి అద్దంలోంచి చూసి వచ్చేది. ఊపిరి తీసినప్పుడల్లా బిడ్డ డొక్కలు లోపలికి పోతున్నాయి. అక్కడ చేయగలిగిందంతా డాక్టరు చేస్తూనే ఉన్నాడు. చూసిన ప్రతిసారీ బిడ్డ ఇంకాస్త అలిసిపోయినట్టు కనబడ్డాడు.

మధ్యాహ్నం దాటాక నాగేశ్ ఫోను చేశాడు.

“పాప ఏడ్చిందమ్మా. గట్టిగా ఏడ్చింది. మీ బిడ్డలు సల్లగుండల్ల.”

శశికళకు బిడ్డలు లేరు. “సరేప్పా,” అని పెట్టేసింది.

ఆమె ఇంకో నంబరు నొక్కుతుండగా డాక్టర్ దర్శన్ వచ్చాడు. ఆమె చేతిలోంచి ఫోను తీసుకుని బల్ల మీద పెట్టాడు.

శశికళ వరండాలోకి వచ్చేసరికే పుట్టమ్మకు తెలిసిపోయింది. ఏడవలేదు. నేరుగా వచ్చి రెండు భుజాలూ పట్టుకుంది.

“నువ్వే కదా ఫోన్ల మీద ఫోన్లు చేసింది? ఊర్లో పెట్టుకోవద్దు, ఈడికే తీసుకురాండి, నేనుండాను అంటివి. నిన్ను నమ్మి తెచ్చినాం. ఎవురి బిడ్డనో బండెక్కించి పంపిస్తివి.”

శశికళ కదలలేదు.

“నీ కడుపున ఒకటి పుట్టింటే తెలుస్తాండె,” అంటూ పుట్టమ్మ ఆమెను ఊపేసింది. “అది లేసి బిడ్డ యాడ అంటే నేనేం చెప్పల్ల? నువ్వే పోయి చెప్పు. పో.”

వరండాలో వాళ్ళంతా చుట్టూ మూగారు. శశికళ ఆ చేతులు విడిపించుకోలేదు. లోపలి నుంచి మేఘ పరుగున వచ్చి ఇద్దరి మధ్య నిలబడింది.

“ఏం మేడం, మీ మీదే చెయ్యేస్తాంటే ఊరికే నిలబడుకోనుండారు? సెక్యూరిటీని పిలిచి ఈమెను బయటికి పంపించేదా?”

“వద్దు మేఘా,” అంది శశికళ, “ఆమె మా అమ్మ.”