బిగుసుకుపోయిన బోల్టులు

అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో, భర్త పోయిన మూడో నెలలో, ఒక రాత్రి హైమవతి గరాజ్‌లోకి వెళ్లి ఆయన పాత కారు ఇంజిన్ మీదకు వంగింది. ఆయన సగంలో వదిలేసిన రిపేరు అది. నాలుగు బోల్టులు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, రెంచ్‌తో బలమంతా పెట్టి తిప్పినా మొదటిదే కదల్లేదు. ఆమెకు ఏడుపొచ్చింది.

"ముందు కొంచెం బిగించు హైమా, తర్వాత లూజ్ చెయ్యి," అంది వెనక నుంచి ఆయన గొంతు.

ఆమె తిరిగి చూడలేదు. చెప్పినట్టే చేస్తే బోల్టు కిర్రుమని కదిలింది. రెంచ్ మీదున్న ఆమె చేతిని చల్లని చెయ్యి ఒకటి మెత్తగా కప్పింది. చాలాసేపు ఆమె అలాగే నిలబడింది.

"ఇంకా మూడున్నాయండీ," అంది చివరికి. "రోజుకొకటే తీద్దాం."