పన్నెండు గుండ్లు

“నేను రాను బిడ్డా. నలుగుర్ల నన్ను నిలబెట్టకు” అన్నాడు గట్టయ్య. పొద్దుటి నుంచి ఇది మూడోసారి అనడం.

భూమిక వింటే కదా! ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది.

“ఇయ్యాల నువ్వు రాకుంటే నేను చదివిన చదువంత బేకార్, బాపూ.”

గట్టయ్య ఒకప్పుడు సైన్యంలో దఫేదారు. అరవై అయిదు యుద్ధంలో ఒక తేలిక ట్యాంకు అతని చేతి కింద నడిచింది. ఇప్పుడు తార్నాకలో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. రిటైరయ్యాక జనగామ పక్కన సొంతూళ్లో ఆరు నెలలు కూడా ఉండలేకపోయాడు. ఉండనిస్తేగా!

కారణం రాములవ్వ. ఆమె మొగుడు భీమయ్యదీ అదే ఊరు, అదే పటాలం. యుద్ధంలో ఇద్దరి ట్యాంకులూ పక్కపక్కనే ముందుకు వెళ్లాయి. మధ్యలో గట్టయ్య ట్యాంకు వెనక్కి మళ్లింది. భీమయ్యది మళ్లలేదు. అది అక్కడే తగలబడిపోయింది, భీమయ్యతో సహా.

ఈ సంగతి ఊరికి చేరిన నాటి నుంచి గట్టయ్య కనబడితే చాలు, రాములవ్వ దుమ్మెత్తిపోసేది. “నా మొగణ్ని మంటల్ల ఇడిసి ఉరికొచ్చినోడు గీడికెళ్లే పోతున్నడు, సూడుండ్రి!”

అతను ఒక్కసారీ ఎదురు చెప్పలేదు. తలొంచుకుని పోయేవాడు. బడిలో పిల్లలు భూమికను “ఉరికొచ్చినోని బిడ్డ” అని పిలిచేవారు. తండ్రి పేరు చెప్పమంటే ఆ పిల్లకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయేది.

అంత సిగ్గు మోసిన పిల్ల యూనివర్సిటీలో చరిత్ర ఎం.ఫిల్.లో చేరి ఏ విషయం తీసుకుందో తెలుసా? ఆ ట్యాంకునే!

“గది నీకెందుకు బిడ్డా? ఇంకేదన్న రాసుకోరాదు” అన్నాడు గట్టయ్య. వినలేదు. రెండేళ్లు లైబ్రరీలో కూర్చుంది. తండ్రి పటాలంలో గుండ్లు అందించిన జవాను సామేలు మల్కాజ్‌గిరిలో ఉంటున్నాడని తెలిసి, ఆయన ఇంటి చుట్టూ తిరిగింది. “యాది లేదు బిడ్డా” అని మూడుసార్లు తప్పించుకున్నాడు. ముసలివాళ్ల మతిమరుపు మామూలేగా! నాలుగోసారి పిల్ల ఏడ్చేసరికి వస్తానన్నాడు.

ఆర్ట్స్ కాలేజీలో భూమిక పరిశోధన వినడానికి వచ్చినవాళ్లతో సెమినార్ గది నిండిపోయింది. ముందు వరుసలో గట్టయ్య, పక్కన సామేలు. ఆ చివర ఎవరో కాదు, రాములవ్వ! భూమికే ఊరికి వెళ్లి బతిమాలి, బస్సెక్కించి తెచ్చింది. ఆమెను చూడగానే గట్టయ్య లేచి పోబోయాడు. సామేలు చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు.

భూమిక బోర్డు మీద ట్యాంకు బొమ్మ గీసింది.

“ఇది ఫ్రెంచివాళ్ల తయారీ. విమానంలో ఎక్కించేంత తేలిగ్గా ఉండాలని చేశారు. అందుకే ఉక్కు పలచన. లోపల ముగ్గురికే చోటు. ఫిరంగిలోకి గుండు ఎక్కించే మనిషంటూ ఉండడు. పైన రెండు డ్రమ్ములుంటాయి, ఒక్కోదాంట్లో ఆరు గుండ్లు. గబగబా పన్నెండు పేల్చొచ్చు. ఆ తర్వాత?”

బొమ్మలోని రెండు డ్రమ్ములనూ డస్టర్‌తో తుడిచేసింది.

“ఆ తర్వాత అది ఉత్త ఇనుప డబ్బా. మళ్లీ నింపాలంటే వెనక్కి రావాలి, చాటున ఆపాలి, బయటి నుంచి డ్రమ్ములు నింపాలి. దాని నిర్మాణమే అంత. ట్యాంకు వెనక్కి మళ్లిందంటే పారిపోయినట్టు కాదు.” ఆమె సుద్దముక్క కింద పెట్టింది. “ఆ రోజు మా బాపుతో లోపల ఉన్న ఇద్దరూ ఇప్పుడు లేరు. కానీ వెనక్కి వచ్చిన ట్యాంకు దగ్గరకి గుండ్లు మోసుకెళ్లిన మనిషి ఉన్నాడు. సామేల్ కాకా, నువ్వే చెప్పు. ఎన్ని నింపినవ్?”

సామేలు లేచాడు. గట్టయ్య వైపు చూడలేదు. రాములవ్వను చూశాడు. భూమికను చూశాడు.

“పన్నెండు, బిడ్డా” అన్నాడు.

గదంతా చప్పట్లు. రాములవ్వ మెల్లగా లేచి వచ్చింది. డ్రమ్ముల సంగతి ఆమెకు ఎంత అర్థమైందో గానీ, ఆ లెక్క మాత్రం అర్థమైంది: పన్నెండు నింపారంటే, పన్నెండూ పేల్చాకే వెనక్కి వచ్చాడు.

“నా నోట్ల మన్నువడ! ముప్పై ఏండ్ల సంది నిన్ను ఉత్తపుణ్యానికి తిట్టిన గట్టయ్యా. మొగడు పోయిన దుఃఖంల ఎన్ని మాటలన్ననో!” అంటూ వంగి అతని కాళ్లు పట్టుకోబోయింది.

“అయ్యో, వద్దు వదినే! వద్దు!” గట్టయ్య కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. వెక్కివెక్కి ఏడ్చాడు. ఇన్నేళ్ల బరువు దిగింది పాపం, అనుకున్నారు అందరూ. భూమికా ఏడ్చింది. ఇంతమందిలో ఒకరిని చూపించి ‘మా బాపు’ అని చెప్పుకోవడం ఆమెకు ఇదే మొదలు.

సాయంత్రం రాములవ్వను బస్సెక్కించడానికి భూమిక వెళ్లింది. తార్నాక చౌరస్తాలోని ఇరానీ హోటల్లో పాత దోస్తులిద్దరే మిగిలారు. గట్టయ్య చాయ్ ముట్టలేదు. తలెత్తలేదు.

“తాగురా. బిడ్డ సంబురం సూసినవా?” అన్నాడు సామేలు.

“నా కాళ్లు పట్టుకోనీకి వచ్చింది సామేలూ! భీమయ్య పెండ్లాం... నా కాళ్లు!” గట్టయ్య రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. “పన్నెండని ఎందుకు చెప్పినవ్‌రా?”

సామేలు చుట్టూ చూశాడు. గొంతు తగ్గించాడు.

“మరేం చెప్పాలెరా, నింపుదామని మూత తీస్తే ఒక్క గుండు వెట్టెతందుకు గూడ డ్రమ్ములల్ల జాగ లేకుండెనని చెప్పాల్నా?”